నాన్న చేతి పొగాకు

గుంటూరు,
జూన్, ఆదివారం.

చెల్లెలు ఏసుమణికి,

కవరు మీద నా చేతిరాత చూసి ఎవరో పోయారని కంగారు పడకు. ఎవరూ పోలేదు. నా చెవులు మాత్రం మొరాయిస్తున్నాయి, ఫోనులో అవతలివాళ్ళ మాట సగం కూడా అందడం లేదు. నాకేదైనా చెప్పాలంటే ఇక నుంచి కాగితం మీదే చెప్పు. ఫోను చేస్తే మా అమ్మాయి క్యాథరిన్ తీసి నాన్న నిద్రపోతున్నారని అంటుంది. ఊరికే ఆ పిల్లను ఇబ్బంది పెట్టకు.

విషయానికి వస్తాను. చెన్నైలో శివశంకర్ అని ఒకాయన ఉన్నాడు, పైపుల కొట్టు ఆయనది. నేను కంపెనీలో పొగాకు రుచి చూసే ఉద్యోగం చేసినన్నాళ్ళూ మా దగ్గరికి వచ్చి పోయేవాడు. ఈ మధ్య పైపు కాల్చే కుర్రాళ్ళు ఎక్కువయ్యారట. బయటి దేశాల డబ్బాలు తెప్పించి తెప్పించి విసుగెత్తాడు. మన నేల ఆకుతో కలిపిన పైపు పొగాకు ఎక్కడైనా ఉంటే చెప్పండి, మీరు బాగుందంటే కళ్ళు మూసుకుని అమ్ముతాను అని రాశాడు. రిటైరయ్యాక నన్నొక మాట అడిగిన మనిషి ఆయనొక్కడే.

వెంటనే మన నాన్న గుర్తొచ్చాడు. మిషన్ ఆస్పత్రి దొర డాక్టరు కోసం ఆయన కలిపిన పొగాకు నీకు గుర్తుందా? కందుకూరు వైపు ఎండకు ఆరిన ఆకు రెండు వంతులు, బ్యారన్ కొట్టంలో పొయ్యి వేడికి ఆరిన పసుపాకు ఒక వంతు, తాటిబెల్లం పాకం, ఎండుద్రాక్ష నానబెట్టిన నీళ్ళు. దొర వెళ్ళిపోయాక దాన్ని మళ్ళీ ఎవరూ కలపలేదు. పాళ్ళు నాకు తెలుసు గానీ చెయ్యి నీది. పొయ్యి ముందు ఆయన పక్కన కూర్చుని పాకం పట్టింది నువ్వు. తన పైపు కూడా నీకే ఇచ్చి పోయాడు గదా.

ఇక్కడ క్యాథరిన్ ఇంట్లోకి పొగాకు రేకు కూడా రానివ్వదు. కాబట్టి నువ్వు కలిపి పంపు. నేను చూసి చెబుతాను.

అన్న
లాజరస్

మైపాడు,
జూలై.

అన్నకు ఏసుమణి వందనాలు. ప్రభువు దయ వల్లా, నా మొండితనం వల్లా ఇక్కడ బాగానే ఉన్నాను.

వదిన పోయినప్పుడు నిన్ను చూడడమే. రెండేళ్ళు దాటింది. ఇన్నాళ్ళకు గుర్తొచ్చానా అని తిట్టుకుంటూనే బస్సెక్కి కందుకూరు పోయి ఆకు తెచ్చుకున్నాను. పైపు నీకే ఇచ్చి పోయాడని దెప్పావు. పైపు నాకు, చదువు నీకు. ఇంక దాని ఊసెత్తకు.

నీకొక సంగతి చెబుతాను, నవ్వకు. పెళ్ళై ఈ ఊరొచ్చినప్పటి నుంచీ నా బతుకంతా ఎండు చేపల మధ్యే. ఆయన పోయాక కొట్టు నా మీద పడింది. ఆయన దగ్గర పని నేర్చుకున్న హజరత్తయ్యా నేనూ చెరి సగం పొత్తు పెట్టుకుని నడుపుతున్నాం. తిండికి లోటు లేదు. కానీ నేను నెల్లూరు బస్సెక్కితే పక్క సీటు ఖాళీ అవుతుంది. చర్చిలో తలుపు పక్క బెంచీ నాదని ఎవరూ చెప్పలేదు, అయినా నాదైపోయింది. నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? నేను మీ గడప తొక్కగానే లేచి ఒక్కొక్క కిటికీ తెరిచేవాడివి. గాలాడ్డం లేదే మణీ అనేవాడివి. నాకు తెలియక కాదు, అన్నవని ఊరుకున్నాను. నిజానికి నా ఒంటి మీద ఏ వాసనుందో నాకు తెలియదు. ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు, అందరి ముక్కులూ దానికే అలవాటు పడిపోయాయి.

ఈ పొగాకు గనక నిలబడితే చేపల కొట్టు హజరత్తయ్యకు వదిలేస్తాను. నా చేతి సరుకు మూత తీసి, ఎవరో ఒకరు ముక్కు దగ్గర పెట్టుకుని బాగుంది అనాలి. నాకు అంతకంటే ఏమీ వద్దు.

పొగాకు పనికి ఊరవతల సరుగుడు తోట పక్కన రేకుల గది తీసుకున్నాను. తలస్నానం చేసి, చీర మార్చుకుని గానీ ఆ గదిలో అడుగు పెట్టను. పాకం పట్టి, ఆకు తడిపి, చెక్కల మధ్య పెట్టి పైన బరువుకు రోలు పెట్టాను. తర్వాత కోసి, తలుపేసుకుని నాన్న పైపులో కాల్చి చూశాను. పాస్టరమ్మ చూసి ఉంటే సంఘం నుంచి పేరు కొట్టించేది. మొదట బెల్లం తీపి వచ్చింది. వెనకాలే వాన పడ్డ గడ్డివాము వాసన. ఆఖరున నాలుక పక్కల కొంచెం వగరు. దగ్గు కూడా వచ్చింది గానీ అది నా చేతగానితనం. పొట్లం పంపుతున్నాను.

చెల్లెలు
ఏసుమణి

గుంటూరు,
ఆగస్టు.

మణీ,

పొట్లం అందింది. క్యాథరిన్ బడికి పాఠాలు చెప్పడానికి పోయేదాకా ఆగి, డాబా మీదికి తీసుకుపోయి విప్పాను. మొహమాటానికి ఒక్క మాట కూడా రాయను, విను.

పిడికిట్లో నొక్కి వదిలితే పొగాకు మెల్లగా విచ్చుకోవాలి. నీది ముద్దగా ఉండిపోయింది. తడి ఎక్కువ. ఇట్లా పంపితే డబ్బాలో బూజు పడుతుంది. కోత మందం. పైపులో గాలి ఆడక పదిసార్లు ఆరిపోతుంది, కాల్చేవాడు నిన్నే తిట్టుకుంటాడు. కత్తికి పదును పెట్టించు.

ఇక ఆకు. మట్టి మూకుట్లో వేసి అంటించాను. బూడిద తెల్లగా, రేకులు రేకులుగా నిలిచింది. మంచి నేలలో పండిన ఆకు, బేరం బాగా చేశావు. చిటికెడు నమిలి చూశాను, నాలుకను మంటగా కరవడం లేదు. పాకం ఎక్కడా మాడలేదు. రుచి సంగతికొస్తే, మొదట బెల్లం తీపి, వెనకాల గడ్డివాము, చివర వగరు. ఆ వగరు నీ తొందర వల్ల వచ్చింది. బరువు కింద ఇంకొన్నాళ్ళు పడి ఉండనివ్వు.

ఇన్ని తప్పులు రాశానని దిగులు పడకు. కంపెనీలో నా ముందుకు వచ్చిన వాటిలో చాలావాటికి ఇంత కూడా రాసేవాణ్ణి కాదు, వద్దు అని ఒక్క ముక్క రాసి పక్కన పెట్టేవాణ్ణి.

కిటికీల మాట రాశావు. గాలి కోసమే తీసేవాణ్ణి. దాన్ని ఇన్నేళ్ళు మనసులో పెట్టుకున్నావా?

అన్న
లాజరస్

మైపాడు,
సెప్టెంబరు.

అన్నకు వందనాలు.

తిట్టావు, సంతోషం. చిన్నప్పుడు నా ఎక్కాల పుస్తకం దిద్దినట్టే దిద్దావు. కత్తి సాన పట్టించాను. తడి ఆరబెట్టాను. రోలు మీద ఇంకో రోలు ఎక్కించాను. ఈసారి పొగాకు నాకే నచ్చింది. రుచి ఎట్లా ఉందో నేను రాయను, నువ్వే చెప్పు. నా మాట నీ నోట పడకూడదు.

నువ్వు చెప్పిన శివశంకర్‌గారికి కూడా ఒక పొట్లం పంపాను. మొన్న ఆయనే ఫోను చేశాడు. "అమ్మా, మా కొట్లో పైపు కాల్చే పెద్దమనుషులు నలుగురికి ఇచ్చినాను. ఇది ఏ దేశం సరుకని అడిగినారు. మన నెల్లూరు పక్క మైపాడు అంటే నమ్మలేదమ్మా," అన్నాడు. ఈ ఊరి పేరు అంత గౌరవంగా పలికిన మనిషిని నేను చూడలేదు. కొత్త సంవత్సరానికి డబ్బాల్లో పెట్టి అమ్ముతాడట, పెద్ద మొత్తంలో కావాలట. షరతు ఒక్కటే. సరుకు బయలుదేరే ముందు లాజరస్ సార్ ఒకసారి చూసి సరే అనాలి, సార్ సరే అంటే నేను మళ్ళీ చూడక్కర్లేదు అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది, నీ మీద. ఎప్పుడో గానీ అనిపించదు.

కొట్టులో నా సగం హజరత్తయ్యకు రాసిచ్చేశాను. వచ్చిందంతా ఆకు మీద పెట్టాను. అతను నాకంటే ఎక్కువ భయపడ్డాడు. "తిరిగొస్తావేమో అక్కా, ఒక ఏడాది చూసుకోని రాసియ్యి," అన్నాడు. తిరిగి రావడానికి కాదురా పోతున్నది అన్నాను.

చేపల దగ్గరికి పోక నెలన్నర అయింది. పోయిన ఆదివారం చర్చిలో చంటిబిడ్డ తల్లి ఒకామె వచ్చి నా పక్కన కూర్చుంది. వేరే చోట ఖాళీ లేక కూర్చుందో, కావాలనే కూర్చుందో తెలియదు. ప్రసంగంలో ఒక్క ముక్క నా చెవిన పడలేదు. ఆ సంగతి నీకు చెబుదామని ఫోను చేస్తే క్యాథరిన్ నువ్వు నిద్రపోతున్నావంది. పట్టపగలు పదకొండింటికి ఏం నిద్ర?

ఏసుమణి

గుంటూరు,
అక్టోబరు.

మణీ,

రెండో పొట్లం చూశాను. కోత సన్నగా, సమంగా ఉంది. పిడికిట్లో నొక్కి వదిలితే ఎట్లా విచ్చుకోవాలో అట్లాగే విచ్చుకుంది. బూడిద గురించి చెప్పక్కర్లేదు. రుచి గురించి నేను వేరే రాయాల్సింది లేదు. ఇది నాన్నదే. దొర ఇంటి వరండాలో నిలబడినట్టుంది. ఇక దేన్నీ మార్చకు, ఈ పాళ్ళతోనే మొత్తం సరుకు కలుపు.

ఒక జాగ్రత్త చెబుతాను. పొగాకు చుట్టూ ఉన్న వాసనలన్నీ తాగేస్తుంది. ఒకసారి పట్టిందంటే ఇక వదలదు. కంపెనీ గోడౌనులో ఒకడు కిరసనాయిలు డబ్బా మరిచిపోయి పోతే గదిలో సరుకంతా తగలబెట్టించాను. కిరసనాయిలు, ఉల్లిపాయలు, కర్పూరం, సబ్బులు, ఇట్లాంటివేవీ దరిదాపుల్లో ఉండకూడదు. నాన్న చేతి కింద పెరిగావు, నీకు నేను చెప్పాలా?

శివశంకర్ నా మాట కోసం ఆగుతానన్నాడంటే ఆయన సంస్కారం. ఇన్నేళ్ళూ నా ముక్కు మీద బతికాను. అది ఇంకా పనికొస్తున్నందుకు దేవుడికి స్తోత్రం.

నిద్ర సంగతి అడిగావు. మందుల వల్ల మగతగా ఉంటుంది. అంతే.

అన్న
లాజరస్

మైపాడు,
డిసెంబరు, మొదటి వారం.

అన్నకు,

తుఫాను మా మీదుగానే పోయింది. టీవీలో చూసే ఉంటావు. నేను బాగానే ఉన్నాను. పడవలు రోడ్డు మీదికి వచ్చి పడ్డాయి. సరుగుడు తోట సగం నేలకొరిగింది.

గాలి మొదలైన రోజే నా రేకుల గది కప్పు లేచిపోయింది. ఒక రేకు పోయి కాలవలో పడింది. సరుకంతా అప్పటికే ట్రంకు పెట్టెల్లో సర్ది ఉంది, అదొక్కటే మేలు. వాన మొహం మీద కొడుతుంటే హజరత్తయ్యా నేనూ ఒక్కొక్క పెట్టె ట్రాలీ ఆటో మీదికి ఎక్కించి, గట్టి కప్పున్న గదిలోకి చేర్చాం. తుఫాను వెలిసేదాకా అక్కడే ఉంచాం. కరెంటు లేదు, దారి లేదు, వేరే చోటికి కదిలించడానికి వీల్లేకపోయింది. పెట్టెల్లోకి చుక్క నీరు దిగలేదు. మూతలు తీసి చూశాను. తడి లేదు, బూజు లేదు. కాల్చి చూశాను, నాకు ఏ తేడా తెలియలేదు.

కానీ అన్నా, నాకు భయంగా ఉంది. అన్నాళ్ళు మూత పెట్టి వేరే చోట ఉంచాను. ప్రతి పెట్టెలోంచీ చిటికెడు తీసి పంపుతున్నాను. నిదానంగా చూడు. ఎక్కడైనా ఏ కొంచెం తేడా ఉన్నా నీ ముక్కుకు తెలుస్తుంది. నువ్వు వద్దంటే శివశంకర్‌గారికి తుఫాను మీద నెపం పెట్టి ఈ ఏడాదికి ఆపేస్తాను. ఆయన అర్థం చేసుకుంటాడు. మళ్ళీ కలుపుకోవడానికి సగం ఆకు ఇంకా కందుకూరు రైతు దగ్గరే ఉంది. చెడిపోయింది పంపి పేరు పోగొట్టుకోవడం కంటే అదే నయం.

నీ జవాబు వచ్చేదాకా పెట్టెలు కదిలించను.

ఏసుమణి

గుంటూరు,
డిసెంబరు.

మణీ,

దిగులు పడకు. అన్నీ చూశాను, ఒక్కొక్క చిటికెడు విడివిడిగా. తడి సరిగ్గా ఉంది. బూడిద తెల్లగా నిలిచింది. నాలుకను కరవలేదు. తుఫాను నీ పొగాకును ఏమీ చేయలేదు. పైగా అన్నాళ్ళు పెట్టెల్లో మగ్గి, పాకం బాగా ఇంకింది.

శివశంకర్‌కు ఈ రోజే రాశాను, సరుకు నిరభ్యంతరంగా తీసుకోవచ్చని. పంపించెయ్యి. క్రిస్మస్‌కు కొత్త చీర కొనుక్కో, చర్చిలో ముందు బెంచీలో కూర్చో.

అన్న
లాజరస్

మైపాడు,
జనవరి.

లాజరస్‌కు,

అన్నకు అని రాయబోయి ఆగాను.

సరుకు మొత్తం తిరిగొచ్చింది. పెట్టెల్లో పోయింది డబ్బాల్లో వచ్చింది. రంగు కాగితం మీద మైపాడు అని ముద్రేయించి, నేను పంపిన ఫొటో చూసి నాన్న పైపు బొమ్మ కూడా వేయించాడు ఆ మహానుభావుడు. డబ్బాల కంటే ముందు ఫోను వచ్చింది. "అమ్మా, మూత తీస్తే కరువాడు వాసన," అన్నాడు. అరవంలో ఎండు చేపను అట్లా అంటారని నీకు తెలుసు. "కొత్త సంవత్సరం రోజు అందరి ముందు డబ్బా తెరిచినాను. కొట్లో ఉండేవాళ్ళు ముక్కు మూసుకుని బయటికి పోయినారు. లాజరస్ సార్ రాసినారనే నేను చూడకుండా నింపించినానమ్మా. నా పాతికేళ్ళ వ్యాపారంలో ఇట్లా నవ్వులపాలు కాలేదు." ఆయన కోప్పడలేదు. బాధపడ్డాడు. కోప్పడితే బాగుండేది.

నేను నమ్మలేదు. ఒక డబ్బా తెరిచి అందులో మొహం పెట్టాను. నాకు పొగాకే తగిలింది. హజరత్తయ్యకు ఇచ్చాను. "బాగానే ఉండాది గదక్కా, కమ్మంగా ఉండాది. వాళ్ళకేం పొయ్యేకాలం?" అన్నాడు. అతనికి తెలియదు, నాకు తెలియదు, మరి ఈ ఊళ్ళో ఎవర్ని అడగాలి? డబ్బా ఒళ్ళో పెట్టుకుని నెల్లూరు బస్సెక్కాను. ట్రంకు రోడ్డులో మందుల షాపులో కూర్చున్న ఒక చిన్నపిల్లను, "అమ్మా, ఇది కాస్త వాసన చూసి చెప్పవా," అని అడిగాను. మూత తీయగానే చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది. "ఎండు చేపలా ఆంటీ?" అంది. నవ్వుతూనే అంది, పాపం.

తుఫానులో నేను చేరవేసిన గది మా చేపల గోడౌను. ఊళ్ళో గట్టి కప్పున్న ఖాళీ గది నాకు అదే దొరికింది. సరుకు అమ్ముడైపోయి గచ్చు కడిగి ఉంది. నాకు ఏ వాసనా రాలేదు.

నాకు రాలేదు సరే. నువ్వు మైపాడులో ఉండలేదు, చేపల్లో బతకలేదు. నేను వాకిట్లోకి వస్తే వంటింట్లో నుంచి కనిపెట్టే ముక్కు నీది. జాగ్రత్తలు చెబుతూ కిరసనాయిలు రాశావు, ఉల్లిపాయలు రాశావు, కర్పూరం రాశావు. నేను ముప్పై ఏళ్ళుగా అమ్ముతున్నదాని పేరు ఒక్కటే రాయలేదు. పంపిన ప్రతి చిటికెడూ కంపు కొడుతుంటే పంపించెయ్యి అని రాశావు. ఎందుకు? నాన్న పైపు నాకిచ్చాడనేనా? నీ చెల్లెలు కూడా ఒక మంచి పని చేసిందని నలుగురూ అనుకుంటే ఓర్వలేకపోయావా?

నాకు జవాబు కావాలి.

ఏసుమణి

గుంటూరు,
జనవరి.

ఏసుమణికి,

జరిగినదానికి విచారిస్తున్నాను. నువ్వు డిసెంబరులో పంపినప్పుడు నాకు జలుబుగా ఉంది. సరిగా చూడలేకపోయాను. పెట్టెలు ఏ గదిలో పెట్టావో నువ్వు కూడా రాయలేదు. రాసి ఉంటే జలుబు తగ్గేదాకా ఆగేవాణ్ణి. చేపల పేరు రాయకపోవడానికి కారణం వేరే ఉంది. నువ్వు కిటికీల మాట ఎత్తాక ఆ మాట నా చేత్తో రాయలేకపోయాను.

ఓర్వలేకపోయావా అన్నావు. అది మాత్రం అనాల్సింది కాదు.

లాజరస్

మైపాడు,
ఫిబ్రవరి.
కార్డు.

నీ జలుబు చూడడానికి వస్తున్నాను. ఈ కార్డు నాకంటే ముందు వస్తుందో వెనక వస్తుందో తెలియదు.

ఏసుమణి

గుంటూరు,
ఫిబ్రవరి.

మణీ,

నీ కార్డు నువ్వు వెళ్ళిపోయిన మర్నాడు వచ్చింది.

నువ్వు ఏదో అడిగావు. నేను నోరు తెరిచాను. క్యాథరిన్ నీకు చెప్పబోయేలోపే నువ్వు సంచి అందుకుని మెట్లు దిగిపోయావు. కాఫీ అట్లాగే ఉండిపోయింది. వెనక నుంచి పిలుద్దామంటే నాకు పిలవడానికి గొంతు లేదు. ఆ సంగతి నువ్వు చూసే ఉంటావు, చూడకపోతే ఇప్పుడు చదువు.

మీ వదిన పోయిన మరుసటి ఏడు నా గొంతులో పుండు లేచింది. కేన్సర్ అన్నారు. స్వరపేటిక తీసేశారు. మెడ ముందు కంత పెట్టారు, ఇప్పుడు ఊపిరి అందులో నుంచే. నా చెవులకు ఏమీ కాలేదు. మాట్లాడలేక ఉత్తరాలు రాయమన్నాను. ముక్కులోకి గాలే పోదు కాబట్టి వాసన అన్నది నాకు లేదు. తీపీ చేదూ ఉప్పూ మాత్రం నాలుకకు తెలుస్తాయి. చేత్తో నొక్కి, కాల్చి, నమిలి చూసింది అబద్ధం కాదు. మొదటిసారి రుచి అని రాసినదంతా నువ్వు రాసిందే, తిప్పి రాశాను. రెండోసారి నువ్వు రాయనన్నావు, అందుకని నాన్నదే అన్నాను. క్యాథరిన్‌కు వాసన చూపించి ఉండవచ్చు. పొగాకు ఇంట్లోకి తెచ్చానని తెలిస్తే ఆ పిల్ల ఏడుస్తుంది. నన్ను ఈ స్థితికి తెచ్చింది అదేనని డాక్టరు ఆమె ముందే చెప్పాడు.

నీ మీద ఓర్వలేనితనం నాకు లేదు. శివశంకర్ ఉత్తరం వచ్చిన రోజు నాకు ఎట్లా ఉందో చెబుతాను. అంతకుముందు రోజంతా ఇంట్లో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. టీ కావాలా అని కూడా అడగరు, పెట్టి పోతారు. అలాంటిది ఒక మనిషి నీ మాట కావాలి అన్నాడు. లేదు, నా ముక్కు పోయింది అని రాస్తే ఆ ఒక్క మాటా పోతుంది. నాలుక ఉంది గదా, చెయ్యి ఉంది గదా, ఈ ఒక్కసారికి గట్టెక్కుతానులే అనుకున్నాను. తుఫాను తర్వాత నువ్వు భయంగా ఉందని రాసినప్పుడు నేను కూడా భయపడ్డాను. అయినా పంపించెయ్యి అని రాశాను.

మన్నించమని అడిగే ముఖం లేదు. అడుగుతున్నాను.

అన్న
లాజరస్

మైపాడు,
మార్చి.

అన్నకు,

జవాబు రాయకూడదనుకున్నాను. ఉండబట్టలేక రాస్తున్నాను.

నీ గొంతు పోయిందని చదివి ఏడ్చాను, అది నిజం. ఒక్కడివే ఆస్పత్రిలో పడుకున్నావని, నాకు ఒక్క మాట చెప్పలేదని ఏడ్చాను. కానీ మన్నించానని రాయలేను. ఇప్పుడు రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. నాకు వాసన తెలియదు మణీ అని ఒక్క ముక్క రాసి ఉంటే నెల్లూరు బస్టాండులో ఎవరి ముక్కు దగ్గర పెట్టినా చెప్పి ఉండేవాళ్ళు. మందుల షాపు పిల్ల జనవరిలో చెప్పింది డిసెంబరులోనే చెప్పి ఉండేది. నేను మళ్ళీ కలుపుకుని ఉండేదాన్ని. నీకు ఒక మాట దక్కడం కోసం నాకు ఉన్నదంతా పోయింది.

నా తప్పు కూడా రాస్తాను. ఏ గదిలో పెట్టానో కావాలనే రాయలేదు. రాస్తే నువ్వు ముక్కు చిట్లిస్తావని. ముక్కే లేని మనిషికి భయపడి దాచాను.

మళ్ళీ కొట్టులో చేరాను. పొత్తు లేదు, హజరత్తయ్య దగ్గర కూలికి. అతను కుర్చీ తెచ్చి వేస్తాడు, అక్కా అనే పిలుస్తాడు, అదే ఎక్కువ కష్టంగా ఉంటుంది. చర్చిలో తలుపు పక్క బెంచీ ఖాళీగానే పెట్టి ఉంచారు. శివశంకర్‌గారు మళ్ళీ ఫోను ఎత్తలేదు. డబ్బాలు పారేయడానికి చేతులు రాక రేవులో పడవల వాళ్ళకు పంచిపెట్టాను. తునికాకులో చుట్టుకుని కాలుస్తున్నారు. ఇంత మంచి పొగాకు పుట్టి బుద్ధెరిగి తాగలేదన్నారు. ఒక ముసలాయన ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏం వాసనమ్మా, పాయసం మాదిరి ఉండాది," అన్నాడు. నేను కోరుకున్న మాట నాకు దక్కింది. ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు.

ఆ రోజు నేను ఎందుకు లేచి వచ్చేశానో నీకు తెలియాలి. నిన్ను కడిగిపారేద్దామనే వచ్చాను. రైల్లో మాటలన్నీ కూడగట్టుకున్నాను. నువ్వు మెడకు గుడ్డ కట్టుకుని కుర్చీలో ఉన్నావు. అది చూసి కూడా నాకేమీ అర్థం కాలేదు, గొంతు నొప్పేమో అనుకున్నాను. నీ పక్కన కూర్చున్నాను. నువ్వు కిటికీల వైపు చూడలేదు. కుర్చీలోంచి లేవలేదు. నా చెయ్యి తీసుకుని నీ రెండు చేతుల్లో పెట్టుకుని అట్లాగే కూర్చున్నావు. నీకు నా వాసన రావడం లేదని నాకు అప్పుడు తెలిసింది. ఎందుకని అడిగాను, నీ నోరు కదిలింది గానీ మాట రాలేదు. అంతలో క్యాథరిన్ కాఫీ తెచ్చి పెట్టింది. పోయి ఒక్కొక్క కిటికీ తెరిచింది. అచ్చం నీలాగే. ఇంక అక్కడ కూర్చోలేకపోయాను. ఆ పిల్లను ఏమీ అనకు.

మన ఇంట్లో నా పక్కన అంతసేపు కదలకుండా కూర్చున్నది నువ్వొక్కడివే, అదీ ముక్కు పోయాక. దానికి నిన్ను తిట్టాలో, ఏమనాలో నాకు తెలియడం లేదు.

మిగిలిన డబ్బాల్లో ఒకటి పంపుతున్నాను. దాని మీద నాన్న పైపు బొమ్మ ఉంది. క్యాథరిన్ బడికి పోయాక తెరువు. కాల్చకు, ఊరికే చేతిలో పెట్టుకో. మనిద్దరికీ అది బాగానే ఉంటుంది.

ఏసుమణి